తీతువు కబుర్లు

హిస్కే పొయ్యి దగ్గర నిలబడి మజ్జిగలో బార్లీ గింజలు కలియబెడుతోంది. నిన్న ఉతికిన దుప్పట్లు కుర్చీల వీపుల మీద ఇంకా తడి తడిగానే ఉన్నాయి. భర్త సీబ్రెన్ తెల్లవారకముందే పాల ట్యాంకరు తీసుకుని వెళ్లిపోయాడు. అతను తాగిన కాఫీ కప్పు సింకులో ఉంది. దాన్ని కడిగే చేతులు ఎవరివో ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

"అమ్మాయ్," అని ముందు గదిలోంచి పిలిచాడు మామగారు రీంక్.

"వస్తున్నా నాన్నా. ఒక్క నిమిషం."

కాలువల సీమ అయిన ఫ్రీస్‌లాండ్ పల్లెల్లో కోడళ్లందరిలాగే ఆమె కూడా పెళ్లయిన నాటినుంచి మామగారిని నాన్నా అనే పిలుస్తోంది. ఇరవై తొమ్మిదేళ్లు ఆ పిలుపు పిలుపుగానే ఉండిపోయింది. అత్తగారు పోయి, రీంక్ కాళ్లలో సత్తువ పోయి, చూపు పోయాక, ఈ మూడేళ్లలోనే దానికి బరువు వచ్చింది. వారానికి రెండుసార్లు నర్సు వచ్చి ఆయనకు స్నానం చేయిస్తుంది. మిగతా ఐదు రోజులూ, ఏడు రాత్రులూ హిస్కేవి.

జావ గిన్నె తీసుకుని వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని కిటికీ వైపు చెవి పెట్టి ఉన్నాడు. ఎనభై ఏడేళ్ల ఆ మనిషిలో చెక్కు చెదరనివి చెవులు మాత్రమే.

"నీ తోటలో తీతువు దిగింది," అన్నాడు.

"చుట్టూ ఇంత పచ్చిక ఉంటే నా కూరతోటలోకి ఎందుకొస్తుంది నాన్నా? ఇదిగో, నోరు తెరవండి."

"ఆ పచ్చిక ఇప్పుడు మోకాలెత్తు పెరిగింది. దానికి నేల కనపడాలి. నువ్వేమో చిక్కుడు గింజలకని మడి దువ్వి చదును చేసి పెట్టావు. పిలిచి పీట వేసినట్టేగా." ఒక చెంచా మింగి మళ్లీ అన్నాడు. "పొద్దుట్నించీ ఒకే చోట లేస్తోంది, ఒకే చోట వాలుతోంది. గుడ్లు పెట్టేసింది. తిన్నగా మీదికెళ్లకు. ఏదో పని చేసుకుంటున్నదానిలా పక్కపక్కగా వెళ్లు."

ఆవులున్న రోజుల్లో రీంక్ ఏటా మార్చి నెలంతా పొలాల్లోనే ఉండేవాడు. పొడుగాటి వెదురు గడ ఊని కాలువలు దూకుతూ తీతువు గుడ్లు వెతకడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడనేవారు. ఆవులు అమ్మేశారు. పొలం పక్కవాళ్లది అయింది. ఇంటి వెనక మిగిలిన కూరతోట ఒక్కటే హిస్కే తనదని చెప్పుకోగలిగినది. ఆ మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్న గంట మాత్రం ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

ఆయన చెప్పినట్టే పక్కపక్కగా వెళ్లింది. చిక్కుడు మడి మధ్యలో, గిట్ట దిగినంత గుంటలో, నాలుగు గుడ్లు. పాచి రంగు మీద నల్లటి మరకలు. నాలుగూ సన్నటి కొనలు లోపలికి పెట్టుకుని ఒద్దికగా ఉన్నాయి. తల మీద తురాయి ఉన్న మగపిట్ట ఆమె నెత్తి మీదుగా అరుస్తూ దూసుకుపోయింది.

తిరిగొచ్చి మంచం పక్కనున్న స్టూలు మీద కూలబడి అంతా చెప్పింది. ఎన్ని గుడ్లు, ఏ రంగు, మగది ఎంత కిందికి దిగింది, ఆడది ఎంత దూరంలో నిలబడి చూసింది. రీంక్ ఒక్కొక్కటీ రెండేసి సార్లు అడిగాడు. ఆయన ముఖంలో రంగు వచ్చింది.

"అటూ ఇటూ చెరో పుల్ల పాతు. నాలుగేసి అడుగులు వదిలి. కాలు పడకుండా గుర్తు. ఇరవై ఏడు రోజులు, అంతే. చిక్కుడు కాస్త ఆలస్యంగా వేసుకో."

"సరే నాన్నా," అంది హిస్కే. చిక్కుళ్లు ఆలస్యమైతే ఆమెకు పనే తగ్గుతుంది.

అప్పటినుంచి రోజూ పదింటికి కాఫీతో పాటు తీతువు కబుర్లు అలవాటయ్యాయి. ఈ రోజు ఎవరు కూర్చున్నారు, ఆడదా మగదా. కాకి వస్తే ఏం చేశాయి. వాన పడితే రెక్కలు ఎలా విప్పింది. ఆ కాస్సేపూ ఆ గదిలో మందుల మాట గాని, దుప్పట్ల మాట గాని ఉండేది కాదు.

*

ఏప్రిల్ మూడో వారంలో ఒక రోజు మంచు పడుతుందని రేడియోలో చెప్పారు. బంగాళదుంప మొలకలు అప్పుడే మట్టి చీల్చుకుని వస్తున్నాయి. ఆ రోజే రీంక్‌కి కడుపు పాడైంది. మధ్యాహ్నం నుంచి హిస్కే మూడు సార్లు పక్కబట్టలు మార్చింది. మూడోసారి దుప్పట్లు మిషన్‌లో వేసి, చీకటి పడుతుండగా తోటలోకి పరుగెత్తింది. మొలకలకు మంచు తగలకుండా తెల్లటి పలచని గుడ్డ చుట్ట విప్పి బంగాళదుంపల మీద పరిచింది. గాలికి అది పడవ తెరచాపలా లేచింది. అటు లాగి ఇటు లాగి, అంచుల మీద ఇటుకలు పెట్టింది. గుడ్డ ఎంత వెడల్పో, ఎక్కడిదాకా వెళ్లిందో చూసుకునే తీరిక లేదు. లోపలినుంచి మళ్లీ పిలుపు.

తొమ్మిది గంటలప్పుడు ఆయనకు నీళ్లు తాగిస్తుంటే అన్నాడు.

"పిట్టలు అరుస్తున్నాయమ్మాయ్. ఇందాకట్నించీ ఒకటే అరుపు. ఓసారి చూసి రా."

"అరవనివ్వండి నాన్నా. నాకున్నవి రెండు చేతులే."

గ్లాసు తీసుకుని ఆమె మిషన్ దగ్గరికి వెళ్లింది.

మర్నాడు పదకొండు గంటలకు, ఎండకు మంచు కరిగాక, గుడ్డ తియ్యడానికి వెళ్లింది. అప్పుడు చూసింది. గుడ్డ బంగాళదుంపలు దాటి చిక్కుడు మడి మీదిదాకా పరుచుకుని ఉంది. తను పాతిన పుల్లలకు తగులుకుని చిన్న గుడారంలా నిలబడింది. కింద నాలుగు గుడ్లు కొనలు లోపలికి పెట్టుకుని అలాగే ఉన్నాయి. వేలితో తాకితే కాలువ గట్టు రాయిలా చల్లగా తగిలాయి. పిట్టలు కనుచూపు మేరలో లేవు. ఆమె గుడ్డ తీసేసి సాయంత్రం దాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది. అవి రాలేదు.

గుడ్లు పారెయ్యడానికి చేతులు రాలేదు. పాత బిస్కెట్ డబ్బాలో గుడ్డ ముక్క పరిచి, వాటిని అందులో పెట్టి, కొట్టంలో పై అరలో దాచింది.

మర్నాడు కాఫీ తీసుకెళ్లినప్పుడు చెప్పేద్దామనే అనుకుంది.

"ఎలా ఉన్నాయి ఇవాళ?" అని అడిగాడు రీంక్.

పక్కమీద ఆయన చేతులు రెండూ కబుర్ల కోసం తెరిచి పెట్టుకున్నట్టున్నాయి.

"బాగానే ఉన్నాయి నాన్నా," అంది హిస్కే. "ఆడది కూర్చుంది."

ఒక అబద్ధానికి పది అబద్ధాలు తోడు. రేపు మగదాన్ని కూర్చోబెట్టాలి. ఎల్లుండి కాకిని రప్పించాలి. చెప్పేది నిజంలా ఉండాలని ఆమె కాలువ గట్టు దాకా నడిచి, పక్కవాళ్ల పొలాల్లోని తీతువుల్ని నిలబడి చూసేది. అవి ఎలా పరుగెత్తి ఆగుతాయో, ఎలా తల వంచుతాయో చూసి, ఆ చూసినదాన్ని తెచ్చి తన తోటలో పెట్టి చెప్పేది. రీంక్ వింటూ అడిగేవాడు.

"గుడ్లు తిప్పిందా?"

"తిప్పింది. ముక్కుతో, ఒక్కొక్కటే."

"గాలికి తురాయి ఎటు వంగింది?"

"వెనక్కి."

మే నెల మొదట్లో లెక్క ప్రకారం గుడ్లు పగలాలి. హిస్కే మాటల్లోనే వాటిని పగలగొట్టింది. నాలుగు పిల్లలు అదే రోజు లేచి, గట్టు దిగి, కాలువ వార పచ్చికలోకి వెళ్లిపోయాయని చెప్పింది. ఇక చెప్పక్కర్లేదు కదా అనుకుంది. కాని మర్నాడు కూడా ఆయన అడిగాడు, పిల్లలు ఎంతయ్యాయని. ఆమె మళ్లీ స్టూలు లాక్కుంది.

*

నెలకో ఆదివారం సీబ్రెన్ అక్క యోహన్నా లెవార్డెన్ పట్నం నుంచి నారింజ తొక్కలు వేసిన కేకు పట్టుకుని వస్తుంది. అక్కడి బడిలో పెద్ద పంతులమ్మ. వచ్చీ రాగానే కిటికీ తలుపులు తీసి, గదిలో గాలి లేదంటుంది. తండ్రి గోళ్లు చూసి, పెరిగాయంటుంది. ఆ రోజు తండ్రి దగ్గర తీతువు పిల్లల సంగతంతా విని సంబరపడింది.

"వంటకి పుల్లటి రేవల్చిన్ని కాడలు కోసుకొస్తా, ఆ పిల్లలు కనిపిస్తే ఫోటో తీసుకొస్తా," అంటూ తోటలోకి వెళ్లింది.

హిస్కే కాఫీ కప్పులు సర్దుతోంది. ఆదివారం కాబట్టి సీబ్రెన్ బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నాడు. వెనక తలుపు తెరుచుకుంది. యోహన్నా చేతిలో కాడలు లేవు. చాకు కోసం కొట్టంలోకి వెళ్లిందని ఆ చేతిలోని డబ్బా చూడగానే హిస్కేకి అర్థమైంది.

యోహన్నా డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది.

"ఇవేంటి హిస్కే?"

హిస్కే కప్పు కింద పెట్టింది. సీబ్రెన్ పేపరు దించాడు.

"నాలుగు పిల్లలూ గట్టు దిగి నడిచి వెళ్లాయని నాన్నకి చెప్పావట. పొద్దుట్నించీ అదే చెప్పి మురిసిపోతున్నారు. చూపు లేని మనిషి కాబట్టి నువ్వేం చెప్పినా చెల్లుతుందనా?"

"నాతోనూ అదే అన్నావు కదా," అన్నాడు సీబ్రెన్.

"నీతో అనలేదు. నాన్నతో అంటుంటే నువ్వు గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ విన్నావు. నువ్వు నన్నేదైనా అడిగి ఎన్నాళ్లైందో గుర్తు చేసుకో."

"మాట మార్చకు," అంది యోహన్నా. "ఈ గుడ్లకేమైంది?"

"నేనే చంపాను." హిస్కే గొంతు పెరగలేదు. పెంచే ఓపిక లేదు. "మంచు పడిన రోజు మొక్కల మీద కప్పిన గుడ్డ వీటి మీద కూడా కప్పాను. చూసుకోలేదు. అవి అరుస్తున్నాయని నాన్న చెప్పారు. అరవనివ్వండి అన్నాను. ఆ రోజు మూడో జత దుప్పట్లు ఉతుకుతున్నాను యోహన్నా. నువ్వు లెవార్డెన్‌లో ఉన్నావు. మీ తమ్ముడు నిద్రపోతున్నాడు."

"తెల్లారి మూడింటికి లేవాలి నేను," అన్నాడు సీబ్రెన్.

"తెలుసు. నీ అలారానికి నేనే లేస్తాను, నువ్వు కాదు."

"సరే, అలిసిపోయావు, ఒప్పుకుంటాను," అంది యోహన్నా. "అలిసిపోతే అబద్ధాలాడతారా?"

"అలిసిపోయానని నిజం చెబితే ఏమైంది మరి? వారానికి రెండు పగళ్లు నాన్నని ఊళ్లో వృద్ధుల కేంద్రానికి పంపుదామని ఫిబ్రవరిలో ఇదే బల్ల దగ్గర అడిగాను. మా నాన్నేమైనా సామానా, బండెక్కించి దింపడానికి అన్నావు. మీ తమ్ముడు నీళ్లు నమిలాడు."

"అమ్మకి మాటిచ్చాం హిస్కే. చివరిదాకా ఇంట్లోనే చూసుకుంటామని."

"ఇచ్చింది మీరిద్దరు. నిలబెడుతున్నది నేను."

అప్పుడే నడవలోంచి నడక బండి చక్రాల చప్పుడు వినిపించింది. రీంక్ గోడ పట్టుకుని, బండి నెట్టుకుంటూ, ఒక్కడే వస్తున్నాడు. మంచం నుంచి వంటగది దాకా ఎవరి సాయం లేకుండా ఆయన నడిచి నాలుగు నెలలైంది. సీబ్రెన్ లేవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కుర్చీ తడుముకుని కూర్చుని, కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"డబ్బా ఇటివ్వు."

యోహన్నా ఆయన ముందుకి జరిపింది. వేళ్లతో గుడ్లను ఒక్కొక్కటిగా తడిమాడు. ఒకదాన్ని చెవి దగ్గర ఊపి, మళ్లీ అదే చోట పెట్టాడు.

"తెలుసు నాకు," అన్నాడు. "మంచు పడిన మర్నాటినుంచే."

హిస్కే ఆయన ముఖంలోకి చూసింది.

"అరవై ఏళ్లు వాటి వెంట తిరిగినవాణ్ణి. గుడ్ల మీద పిట్ట ఉంటే, మగది రోజుకి ఎన్నిసార్లు అరుస్తుందో తెలియదా? ఆ రోజు తర్వాత ఈ కిటికీ అవతల ఒక్క అరుపు లేదు. కాకి వచ్చిందని ఈ అమ్మాయి చెబుతుంది. కాకి గొంతు వినపడుతుంది, తీతువు గొంతు వినపడదు. అలా ఎక్కడైనా ఉంటుందా?"

"మరెందుకు ఊరుకున్నావు నాన్నా?" అంది యోహన్నా. "పైపెచ్చు రోజూ అడుగుతున్నావు."

రీంక్ డబ్బా మూత కోసం బల్ల తడిమాడు. హిస్కే దాన్ని ఆయన చేతికి అందించింది.

"రోజంతా ఇంట్లో ఈ అమ్మాయి అడుగుల చప్పుడు వింటాను. పొయ్యి దగ్గరికి, మిషన్ దగ్గరికి, నా దగ్గరికి, మళ్లీ పొయ్యి దగ్గరికి. ఆగదు. ఆ పిట్టల సంగతి చెప్పేటప్పుడు మాత్రం స్టూలు కిర్రుమంటుంది. పది నిమిషాలు. ఒక్కో రోజు పావుగంట. నాకు తెలుసని చెబితే ఆ స్టూలు కూడా ఖాళీ అయిపోతుంది. అందుకే అడిగాను. గుడ్లు తిప్పిందా, తురాయి ఎటు వంగింది, అని ఏదో ఒకటి. ఇంకో రెండు నిమిషాలు కూర్చుంటుంది కదా అని."

హిస్కే ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టిందో ఆమెకే తెలియలేదు. చప్పుడు లేదు. బల్ల మీద పెట్టిన చేతుల మీద నీళ్లు పడుతున్నాయి. మూడేళ్లుగా ఈ ఇంట్లో తనను ఎవరూ చూడటం లేదనుకుంది. చూపు లేని మనిషి ఒక్కడు చూస్తూ ఉన్నాడు.

"అరవనివ్వండి అన్నాను నాన్నా. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"అన్నావు. నేను ఆ రోజు నీ చేత మూడు జతల దుప్పట్లు ఉతికించాను. ఎవరి తప్పు ఎంతో తూచే ఓపిక నాకు లేదమ్మాయ్." ఆయన కొడుకూ కూతురూ ఉన్న వైపు ముఖం తిప్పాడు. "ఇంతకీ ఆ కేంద్రం సంగతి నన్నెవరూ అడగలేదే. చస్తే ఎక్కడ పూడ్చాలని అడిగారు. మంగళవారం నాడు ఎక్కడ కూర్చుంటావని మాత్రం అడగలేదు."

"అమ్మకి..." అంది యోహన్నా.

"మీ అమ్మకి పేకాట గిట్టేది కాదు. నాకు ఇష్టం. ఆడతారా అక్కడ?"

"ఆడతారట," అన్నాడు సీబ్రెన్, మెల్లిగా.

"చూపు లేకుండా పేకాటేంటి నాన్నా," అంది యోహన్నా.

"ఓడిపోవడానికి చూపెందుకు?"

ముందు నవ్వింది సీబ్రెనే. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. లేచి వెళ్లి, ఏం చెయ్యాలో తెలియక హిస్కే కుర్చీ వెనక నిలబడ్డాడు. కొంచెంసేపటికి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె దాన్ని పట్టుకోలేదు, తొయ్యలేదు.

"రాత్రి పూట నన్ను లేపు," అన్నాడు. "వారంలో సగం రోజులు. సగం నువ్వు."

"ట్యాంకరు?"

"పగటి బండి అడుగుతాను. ఎప్పుడో అడగాల్సింది."

యోహన్నా సింకు దగ్గరికి వెళ్లి, ఎవరి వైపూ చూడకుండా కప్పులు కడగడం మొదలుపెట్టింది. రెండు కప్పులు కడిగాక, కుళాయి కట్టెయ్యకుండానే అంది.

"హిస్కే, ఆ రోజు సామాను అన్న మాట... అది అనకూడదు. నాన్నని చూసుకునే మనిషితో అసలు అనకూడదు. నెలకి రెండు శని, ఆదివారాలు నేనొచ్చి ఉంటాను. నువ్వు ఎక్కడికైనా వెళ్లు. వెళ్లకపోయినా పరవాలేదు. పడుకో."

"తీరిగ్గా చెప్పుకుందురు గాని," అన్నాడు రీంక్. "సీబ్రెన్, పక్కవాళ్లు మొక్కజొన్న వేశారా?"

"రేపు వేస్తారట."

"అయితే ఇప్పుడే వెళ్లి, ఆ నేల ఓసారి చూసి వేయమని చెప్పు. వారం నుంచి దూరంగా ఆ పొలంలో మగది అరుస్తూ ఎగరడం వినపడుతోంది. ఇక్కడి జతే కావచ్చు, వేరేది కావచ్చు. ఒకసారి పోయినా మళ్లీ గుడ్లు పెడతాయి అవి. వాళ్లకి పుల్లలు పాతి చూపించు."

సీబ్రెన్ బూట్లు తొడుక్కున్నాడు. తండ్రి చెప్పిన పని మీద పొలంలోకి అతను వెళ్లడం చిన్నప్పటి తర్వాత అదే మొదటిసారి.

*

ఆ తర్వాతి వారం, మంగళవారం తొమ్మిదింటికి కేంద్రం వాళ్ల చిన్న బండి వచ్చింది. రీంక్ తెల్ల చొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని ఎక్కాడు. బండి మలుపు తిరిగేదాకా హిస్కే గుమ్మంలోనే నిలబడింది. లోపలికి వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. ఆమెను పిలిచేవాళ్లు లేరు. ఉతకడానికి దుప్పట్లున్నాయి. చిక్కుడు మడి ఇంకా విత్తలేదు. దేని దగ్గరికి వెళ్లాలో తెలియక నడవ మధ్యలో ఆగింది. తర్వాత ఎప్రన్ కూడా విప్పకుండా మంచం మీద వాలింది.

కళ్లు తెరిచేసరికి ఎండ గోడ మీదికెక్కింది. నాలుగున్నర. దిగ్గున లేచి ముందు గదిలోకి పరుగెత్తింది. రీంక్ కుర్చీలో ఉన్నాడు, టోపీ ఇంకా తియ్యలేదు. సీబ్రెన్ ఆయన బూట్ల తాళ్లు విప్పుతున్నాడు.

"లేపొచ్చుగా," అంది హిస్కే.

"నేనే వద్దన్నాను," అన్నాడు రీంక్. "రా, కూర్చో. అక్కడ తొంభై ఏళ్ల ముసలావిడ ఒకత్తి ఉంది. ముక్కలు ఒళ్లో దాచుకుని ఆడుతుంది. మా బల్ల దగ్గర నలుగురికీ తెలుసు, ఎవరూ అనరు..."

హిస్కే స్టూలు మీద కూర్చుని, మంచం పట్టెకు తల ఆన్చింది. ముసలావిడ ఎలా నాలుగు ఆటలు గెలిచిందో, కాఫీ ఎంత పలచగా ఇచ్చారో, పక్కన కూర్చున్నవాడు తనలాగే ఒకప్పుడు గడ ఊని కాలువలు దూకినవాడని ఎలా బయటపడిందో, రీంక్ ఒక్కొక్కటే చెబుతున్నాడు. ఆమె రెండుసార్లు ఊఁ అంది. మూడోసారి అనలేదు.

ఆమె ఊపిరి బరువెక్కడం రీంక్ విన్నాడు. చెప్పడం ఆపలేదు, గొంతు మాత్రం తగ్గించాడు. సీబ్రెన్ కుర్చీ మీదున్న కంబళి తెచ్చి ఆమె భుజాల మీద కప్పి, చప్పుడు కాకుండా వంటగదిలోకి వెళ్లి, సింకులో ఉన్న కప్పులు కడగసాగాడు.